బర్రె కడుపులో పులుపు

(సికింద్రాబాద్‌లోని ఒక బస్తీ అక్షర కేంద్రంలో, పాడి పశువులున్న వారి కోసం ఒక టీచరు చెప్పిన మాటలు)



పోయిన వారం మీలో కొందరు ఒక ప్రశ్న అడిగారు. "టీచరమ్మా, బర్రెలకు వాము, శొంఠి, కరక్కాయ పొడులు పెడితే కడుపుల పులుపు పోతదంటున్నరు. దుకాణంల పొట్లాలు గూడ అమ్ముతున్నరు. అవి పెట్టాల్నా, వద్దా?" అని.

మంచి ప్రశ్న. నేను పశువుల డాక్టరును కాను. పిల్లలకు పాఠం చెప్పుకునేదాన్ని. కానీ చదివిన సంగతి, అడిగి తెలుసుకున్న సంగతి మీకు చెప్పగలను. ఎక్కడ డాక్టరు దగ్గరికి పోవాలో అక్కడ ఆ మాట కూడా చెబుతాను.

ముందు ఆ పులుపు ఎక్కడ పుడుతుందో చూద్దాం. అది తెలియకుండా మందు సంగతి మాట్లాడితే లాభం లేదు.

మన కడుపు ఒక సంచి లాంటిది. బర్రె కడుపు నాలుగు అరల ఇల్లు లాంటిది. ఆవుకైనా, మేకకైనా, గొర్రెకైనా అంతే. ఆ నాలుగింటిలో మొదటి అర చాలా పెద్దది. ఎడమ డొక్క నిండా అదే ఉంటుంది. డాక్టర్లు దాన్ని రుమెన్ అంటారు. మనం పెద్ద పొట్ట అనుకుందాం. పెద్ద బర్రె పెద్ద పొట్టలో 100 లీటర్లకు పైగా పడుతుంది. అంటే మన ఇంట్లో బిందెలు ఆరేడు.

ఆ పెద్ద పొట్టలో కంటికి కనపడని చిన్న చిన్న జీవులు ఉంటాయి. ఒక్క చుక్కలోనే కోట్ల కొద్దీ ఉంటాయి. గడ్డిని అరిగించేది బర్రె కాదు, ఈ జీవులే. గడ్డి, చొప్ప మనం తింటే అరగవు. మన కడుపులో ఆ పని చేసే జీవులు అన్ని లేవు. బర్రె తిన్న గడ్డిని ఈ జీవులు పులియబెడతాయి. దోసెల పిండి రాత్రంతా పులిసినట్టే అనుకోండి. పులిసినప్పుడు పులుపు పుడుతుంది. హోటల్లో సిర్కా చూశారు కదా, ఉల్లిపాయల మీద పోస్తారు. ఆ సిర్కాలో ఉండే పులుపే బర్రె కడుపులో ఎక్కువగా పుడుతుంది. అది కడుపు గోడలోంచి రక్తంలోకి పోతుంది. దాని నుంచే బర్రెకు బలం వస్తుంది. పాలలో వెన్న కూడా చాలా వరకు దాని నుంచే వస్తుంది.

కాబట్టి ఒక మాట గుర్తుపెట్టుకోండి. పులుపు శత్రువు కాదు. పులుపు లేకపోతే పాలు లేవు. పులుపు హద్దు దాటితేనే కష్టం.

ఆ హద్దును కాపాడేది ఏమిటి? బర్రె ఉమ్మి! నవ్వకండి. పెద్ద పశువు నోట్లో రోజుకు 100 లీటర్ల దాకా ఉమ్మి ఊరుతుంది. ఆ ఉమ్మిలో తినే సోడా లాంటి ఉప్పు ఉంటుంది. గడ్డి నమిలినప్పుడు, నెమరు వేసినప్పుడు ఆ ఉమ్మి కడుపులోకి దిగుతుంది. పులుపును చంపుతుంది. బర్రె రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు నెమరు వేస్తుంది. పని లేక కాదు. తన మందు తానే తయారు చేసుకుంటుంది.

ఇప్పుడు ఒక చిన్న పరీక్ష చేద్దాం. ఇది ఏడో తరగతి పిల్లలు బడిలో చేస్తారు. ఎర్ర మందార పూల రేకులు వేడి నీళ్ళలో వేసి పెట్టాను. ఈ నీళ్ళను మూడు గ్లాసుల్లో పోస్తున్నాను. ఒక గ్లాసులో నిమ్మరసం పిండుతున్నాను. చూడండి, ముదురు ఎరుపు అయింది. రెండో గ్లాసులో తినే సోడా వేస్తున్నాను. ఆకుపచ్చగా మారింది. మూడో గ్లాసులో ఏం పోయాలి? నిన్నటి కుడితి తెమ్మని ఒకక్కను అడిగాను. అదే పోస్తున్నాను. చూడండి, ఎర్రబడుతోంది. అంటే కుడితి బర్రె నోట్లోకి పోకముందే పులుపు ఎక్కింది. అన్నం, గంజి వేసి రాత్రంతా ఉంచితే ఇంతే.

డాక్టర్లు ఈ పులుపును అంకెలతో కొలుస్తారు. నీళ్ళకు 7. అంకె తగ్గిన కొద్దీ పులుపు పెరుగుతుంది. ఒక్క అంకె తగ్గితే పులుపు పది రెట్లు పెరిగినట్టు. మంచి బర్రె పెద్ద పొట్టలో ఇది 6కు, 7కు మధ్యలో ఉంటుంది. 5.5 కంటే కిందికి దిగి చాలా సేపు ఉంటే రోగం. 5 దగ్గరికి పోతే ప్రాణం మీదికి వచ్చినట్టే.

మన సికింద్రాబాద్‌లో ఈ రోగం ఎందుకు ఎక్కువగా వినిపిస్తుంది? కారణం మీకు తెలుసు. ఊళ్ళో మేత భూములు లేవు. ఒకప్పుడు బోయినపల్లి దగ్గర సైన్యం వాళ్ళకు పెద్ద డైరీ ఫారం ఉండేది. దేశంలోని మిలటరీ ఫారాలన్నీ 2021లో మూసేశారు. ఇప్పుడు రోడ్డుకు పేరు మాత్రమే మిగిలింది. బర్రెలు మాత్రం బస్తీల్లో ఇంకా ఉన్నాయి. లాలాపేటలో ఉన్నాయి, బోయినపల్లిలో ఉన్నాయి, అడ్డగుట్టలో ఉన్నాయి. పచ్చిగడ్డి కొనాలి, వరిగడ్డి కొనాలి. అన్నీ ధర. అప్పుడు ఊరికే దొరికేది ఏమిటి? హోటలు అన్నం, ఫంక్షన్ హాలులో మిగిలిన బగారా, రొట్టె ముక్కలు, మార్కెట్‌లో పారేసిన కూరగాయలు. బీరు ఫ్యాక్టరీ తడి పొట్టు కూడా కొందరు తెస్తారు.

ఉడికిన అన్నంలో పిండి పదార్థం ఉంటుంది. గడ్డి మెల్లగా పులుస్తుంది. అన్నం గబగబా పులుస్తుంది. పైగా అన్నాన్ని నమలాల్సిన పని లేదు. నమలకపోతే ఉమ్మి ఊరదు. అంటే ఒక పక్క పులుపు పెరిగింది, ఇంకో పక్క సోడా తగ్గింది. కడుపులో గడ్డిని అరిగించే జీవులు ఆ పులుపుకు చచ్చిపోతాయి. వేరే రకం జీవులు పెరుగుతాయి. అవి పెరుగులో ఉండే పులుపును తయారు చేస్తాయి. అది సిర్కా పులుపు కంటే చాలా ఘాటు. ఇక ఆ చక్రం ఆగదు.

మా వీధిలో ఒకక్క సంగతి చెబుతాను. ఆమె పేరు వద్దు. సంఘంలో అప్పు తీసుకుని, ఉన్న బంగారం కుదువబెట్టి ఒక ముర్రా బర్రెను కొన్నది. లక్షకు దగ్గర పడింది. రెండు పూటలా మంచి పాలు. మహంకాళి బోనాల మరునాడు ఎవరో రెండు పెద్ద గంపల అన్నం తెచ్చి ఇచ్చారు. పారేస్తే పాపం అని బర్రెకు పెట్టింది. బర్రె ఆశగా తిన్నది. ఆ రాత్రి నెమరు ఆపింది. పొద్దున గడ్డి ముట్టలేదు. ఎడమ డొక్క తడితే లోపల నీళ్ళు కదిలినట్టు గలగలమన్నది. పేడ పలచగా, పుల్లటి వాసనతో పడింది. చుట్టుపక్కల వాళ్ళు తలా ఒకటి చెప్పారు. ఒకరు వాము కషాయం అన్నారు. ఒకరు నూనె తాగించమన్నారు. ఒకరు పొట్లం మందు తెచ్చారు. ఒక రోజంతా ఇవన్నీ తాగించారు. డాక్టరు వచ్చేసరికి బర్రె పడిపోయి ఉంది. కళ్ళు లోపలికి పోయాయి. మూడో రోజు చచ్చిపోయింది. అప్పు మాత్రం బతికే ఉంది. ఆమె ఇంకా కిస్తీలు కడుతూనే ఉంది.

ఈ సంగతి ఎందుకు చెప్పానంటే, ఆ ఇంట్లో మంచి మందుకు కరువు లేదు. వాము మంచిదే. కానీ రెండు గంపల అన్నం పులుపును గుప్పెడు వాము ఆపలేదు. ఆ ఒక్క రోజు ఆలస్యమే ఆ బర్రెను చంపింది.

గుర్తులు మళ్ళీ చెబుతాను. ఎక్కువ అన్నం గానీ గింజలు గానీ తిన్న 12 గంటల నుంచి ఒకటిన్నర రోజు లోపల ఇవి కనపడతాయి. మేత మానేస్తుంది. నెమరు వేయదు. డొక్కలో నీళ్ళ చప్పుడు. పుల్లటి వాసన పారుడు. తూలి నడవడం. అప్పుడు అన్నం, దాణా, కుడితి అన్నీ ఆపండి. ఎండుగడ్డి మాత్రం ముందు వేయండి. వెంటనే పశువుల దవాఖానకు మనిషిని పంపండి. నారాయణగూడలో పెద్ద పశువుల దవాఖాన ఉంది. డాక్టరు సెలైన్ ఎక్కిస్తారు, కడుపు కడుగుతారు. అవసరమైతే డొక్క కోసి ఆ పులిసిన అన్నమంతా బయటికి తీస్తారు. మంచి పశువు కడుపులోంచి ద్రవం తీసి ఈ పశువుకు తాగిస్తారు కూడా. అందులో ఉన్న మంచి జీవులను ఇక్కడ మళ్ళీ నాటినట్టు! ఇది నాకు చాలా నచ్చిన సంగతి. తోడు వేసి పెరుగు చేసుకునే మనకు ఇది సులభంగా అర్థమవుతుంది.

ఇంకో మాట. పడిపోయిన బర్రె నోట్లో సీసాతో ఏదీ పోయకండి. అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఇంకో రకం పులుపు ఉంది. ఇది చప్పుడు చేయదు. బర్రె పడిపోదు. రోజూ కొంచెం ఎక్కువ దాణా, కొంచెం తక్కువ గడ్డి తింటున్న బర్రెకు ఇది వస్తుంది. ఒక రోజు బాగా తింటుంది, ఇంకో రోజు తినదు. పేడ ఒకసారి గట్టిగా, ఒకసారి పలచగా ఉంటుంది. గిట్టలు నొచ్చి కుంటుతుంది. పాలలో వెన్న తగ్గుతుంది. బర్రె పాలలో వెన్న మామూలుగా 6 నుంచి 8 వరకు ఉంటుంది. కేంద్రంలో పాలు పోసేవాళ్ళకు వెన్న చూసే డబ్బు ఇస్తారు. వెన్న పడిపోతే నీళ్ళు కలిపావని మాట పడాలి. నీళ్ళు కలపకుండానే మాట పడడం ఎంత కష్టమో మీకు తెలుసు.

చెట్ల మందులకు పని ఉండేది ఈ రెండో రకంలోనే. ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తున్నాను.

ప్రపంచంలో చాలా దేశాల్లో దాణాలో చెట్ల సారం కలపడం మీద పని జరుగుతోంది. ఎందుకు మొదలైంది? అక్కడ పశువులు తొందరగా పెరగాలని దాణాలో యాంటీబయాటిక్ మందులు కలిపేవారు. అలా రోజూ తినిపిస్తే మనుషుల రోగాలకు కూడా ఆ మందులు పని చేయకుండా పోతాయని భయం వచ్చింది. ఐరోపా దేశాలు 2006 జనవరి 1 నుంచి ఆ పద్ధతిని నిషేధించాయి. పశువుల కడుపులో పులుపు తగ్గించడానికి వాడే మోనెన్సిన్ అనే మందు కూడా అందులో పోయింది. అమెరికాలో అది ఇంకా వాడుతున్నారు. (ఆ మందు గుర్రానికి విషం. బారాత్ గుర్రాలు ఉన్న ఇళ్ళ వాళ్ళు జాగ్రత్త.) దాని బదులు ఏం వాడాలి అని వెతికితే మన వంటింటి డబ్బాలే కనపడ్డాయి. లవంగం, దాల్చినచెక్క, వాము, వెల్లుల్లి!

వీటిలో ఘాటైన నూనెలు ఉంటాయి. ఆ నూనెలు కడుపులోని కొన్ని జీవులను అణుస్తాయి. ఊరగాయలో వాము, ఇంగువ వేస్తే బూజు తొందరగా పట్టదు కదా, అలాంటిదే. స్పెయిన్ దేశంలో బార్సిలోనా అటానమస్ యూనివర్సిటీ వాళ్ళు వీటిని చాలా పరీక్షించారు. వాళ్ళు చెప్పిన ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఒకే దినుసు అన్ని కడుపుల్లో ఒకేలా పని చేయదు. కడుపులో పులుపు ఎంత ఉందో దాన్ని బట్టి ఫలితం మారుతుంది. గడ్డి తినే పశువులో ఒకలా, గింజలు తినే పశువులో ఇంకోలా. మోతాదు ఎక్కువైతే మంచి జీవులు కూడా చస్తాయి. గాజు పాత్రలో బాగా పనిచేసింది కదా అని పశువులో అంత పనిచేయదు. కొన్ని వారాలకు కడుపు జీవులు దానికి అలవాటు పడతాయి.

స్పెయిన్‌లోనే లెరిడా యూనివర్సిటీ వాళ్ళు 2012లో ఇంకో సంగతి అచ్చు వేశారు. నిమ్మ, నారింజ జాతి కాయల్లో చేదుగా ఉండే పదార్థాలు ఉంటాయి. వాటి సారాన్ని గింజలు ఎక్కువ తినే పెయ్యలకు ఇచ్చి చూశారు. కడుపులో పులుపు తట్టుకునే శక్తి పెరిగింది. పెరుగు పులుపును తినేసే ఒక రకం మంచి జీవులు ఎక్కువయ్యాయి. ఇది నిజంగా ఆశ కలిగించే సంగతి. కానీ అది సారం. తూకం వేసి ఇచ్చిన సారం. నిమ్మ తొక్కల బుట్ట తెచ్చి తొట్టిలో పోయడం దానితో సమానం కాదు.

వగరు దినుసులు ఇంకో రకం. కరక్కాయ, తుమ్మ చెక్క, చింతగింజల పొట్టు. వగరు కడుపులో పనిని నెమ్మది చేస్తుంది. పశువు త్రేన్పుల్లో ఒక గ్యాసు పోతుంది, మీథేన్ అంటారు. అది భూమిని వేడెక్కిస్తుంది. బెంగుళూరులో కేంద్ర ప్రభుత్వ పశు పోషణ సంస్థ ఒకటి ఉంది. వాళ్ళు వగరు ఉన్న చెట్ల దినుసులతో 'హరిత్ ధార' అనే పొడి తయారు చేశారు. ఆ గ్యాసు 17 నుంచి 20 శాతం తగ్గుతుందని 2021లో చెప్పారు. మంచిదే. కానీ వగరు ఎక్కువైతే బర్రె మేత తగ్గిస్తుంది. మనం పచ్చి అరటికాయ కొరికినట్టు ఉంటుంది దానికి.

కుంకుడుకాయ సంగతి కూడా అడిగారు. కుంకుడు నురుగు కడుపులోని పెద్ద రకం జీవులను చంపుతుంది. గ్యాసు తగ్గడానికి అది కొంత పనికొస్తుందని అంటారు. కానీ ఆ పెద్ద జీవులు ఏం చేస్తాయో తెలుసా? పిండి పదార్థాన్ని మింగి తమ పొట్టలో దాచుకుంటాయి. అందువల్ల అది ఒక్కసారిగా పులవదు. అంటే అవి పులుపుకు అడ్డుకట్ట. అన్నం తినే బర్రెకు కుంకుడు పోసి వాటిని చంపితే పులుపు ఇంకా పెరగొచ్చు. కాబట్టి పులుపుకు కుంకుడు మందు కాదు. ఈ మాట బాగా గుర్తుంచుకోండి.

మన పెద్దల మందులు తీసిపారేయాలని నేను అనడం లేదు. 1990లలో మన సికింద్రాబాద్ నుంచే పనిచేసిన ఆంత్ర అనే సంస్థ ఉంది. ఆడ పశువైద్యులు పెట్టిన సంస్థ అది. వాళ్ళు ఆంధ్ర, తెలంగాణ, మహారాష్ట్ర పల్లెల్లో తిరిగారు. పశువులకు నాటు వైద్యం చేసేవాళ్ళ దగ్గర కూర్చున్నారు. ఏ ఆకు దేనికి వాడతారో రాసుకున్నారు, పరీక్షించారు. పెద్ద చదువులు చదివిన డాక్టర్లు పశువులు కాసేవాళ్ళ దగ్గర పాఠం నేర్చుకున్నారు. మనలాంటి వాళ్ళకు అది గర్వంగా ఉంటుంది.

జాతీయ పాడి పరిశ్రమ అభివృద్ధి సంస్థ వాళ్ళు కూడా ఇంటి మందులు నేర్పుతున్నారు. అరుగుదల తగ్గినప్పుడు, కొంచెం కడుపుబ్బరం ఉన్నప్పుడు వాళ్ళు చెప్పే ముద్దలో ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, అల్లం, జీలకర్ర, మిరియాలు, ఎండుమిర్చి, పసుపు, తమలపాకులు, బెల్లం ఉంటాయి. అన్నీ నూరి చిన్న చిన్న ముద్దలు చేసి, ఉప్పు అద్ది, నాలుక మీద రుద్దుతూ తినిపిస్తారు. సీసాతో పోయరు. ఇది నాకు నచ్చింది. ఇలాంటివి బర్రె లేచి తిరుగుతున్నప్పుడు, కొంచెం మందంగా ఉన్నప్పుడు పెట్టుకోండి. ఎల్లిగడ్డ ఎక్కువ పెడితే పాలకు వాసన వస్తుంది. మీ వాడకం ఇళ్ళవాళ్ళు అడుగుతారు.

దుకాణం పొట్లాల సంగతి. వీటిలో ఒకటి బత్తీసా పేరుతో వస్తుంది. బత్తీస్ అంటే 32 అని మీకు తెలుసు. అన్ని దినుసులు అన్నమాట. మంచి కంపెనీది అయితే ఆకలి పుట్టడానికి పనికొస్తుంది. కానీ పొట్లం మీద ఏముందో చదవండి. ఏ దినుసు ఎన్ని గ్రాములో ఉండాలి. తయారైన తేదీ ఉండాలి. పేరు, చిరునామా లేని పొడి సంచులు కొనకండి. కొన్ని మందుల్లో ముష్టి గింజ ఉంటుంది. ముష్టి గింజ విషం. కంపెనీ వాళ్ళు శుద్ధి చేసి కొలతతో వేస్తారు. ఇంట్లో దంచి పెడితే బర్రె వణికి వణికి చస్తుంది. అటువైపు పోకండి.

మరి రోజూ ఏం చేయాలి? నాకు తోచిన వరుస ఇది. పొట్లానికి పెట్టే డబ్బు ముందు గడ్డికి పెట్టండి. పొద్దున లేవగానే దాణా కాదు, ముందు గడ్డి వేయండి. జొన్న చొప్ప అయితే ముక్కలు చేయండి, మరీ పొడి చేయకండి. నమలాలి కదా! దాణా లెక్క రెండు లీటర్ల పాలకు ఒక కిలో, ఒంటి కోసం ఇంకో కిలో, కిలోన్నర. అది కూడా రెండు మూడు పూటలుగా పంచండి. కొత్త దాణా మార్చితే రెండు వారాల్లో కొంచెం కొంచెంగా పెంచండి. ఈనిన బర్రెకు బలం రావాలని మొదటి రోజే తట్ట నింపకండి. దాణా ఎక్కువ తినే బర్రెకు తినే సోడా రోజుకు 50 నుంచి 100 గ్రాములు దాణాలో కలపొచ్చు. ఉప్పు లెక్కలో పడిపోకుండా డాక్టరును ఒకసారి అడగండి.

అన్నం పెట్టక తప్పదంటారా? తాజాది, కొంచెం, గడ్డి తిన్న తర్వాత. పెళ్ళి అన్నం గంపలు వస్తే వద్దని చెప్పండి. కూరగాయల చెత్తకు ఇప్పుడు వేరే దారి ఉంది. బోయినపల్లి మార్కెట్‌లో పాడైన కూరగాయలతో గ్యాసు, కరెంటు చేస్తున్నారు. అక్కడ పనికొచ్చేదాన్ని బర్రె కడుపులో ఎందుకు పులియబెట్టాలి?

ఇంకో చిన్న పని. మధ్యాహ్నం బర్రె పడుకున్నప్పుడు పక్కన కూర్చోండి. ఒక్కో నెమరు ముద్దకు ఎన్నిసార్లు నములుతుందో లెక్కపెట్టండి. 50, 60 సార్లు నమిలితే బాగున్నట్టు. 30, 40 దగ్గరే మింగుతుంటే గడ్డి చాలడం లేదు. ఎడమ డొక్క మీద పిడికిలి పెట్టి చూడండి. రెండు నిమిషాల్లో రెండు మూడు సార్లు కడుపు మీ పిడికిలిని నెట్టాలి. ఈ లెక్కలు మీ నోటు పుస్తకంలో తేదీ వేసి రాయండి. డాక్టరు వచ్చినప్పుడు ఆ పుస్తకం చూపించండి. నోటితో చెప్పినదాని కంటే రాసినది ఆయనకు ఎక్కువ పనికొస్తుంది.

ఇప్పుడు సంచుల మీది రాత చదువుదాం. దాణా సంచి తెమ్మన్నాను కదా, ఎవరెవరు తెచ్చారు? ముందు ఐ.ఎస్. 2052 అనే అంకె వెతకండి. అది ప్రభుత్వ ప్రమాణం. దాని పక్కన ఏ రకం అని ఉంటుంది. మొదటి రకంలో మాంసకృత్తులు 22 శాతం, రెండో రకంలో 20 శాతం ఉండాలి. లక్ష్మక్క సంచి మీద ఎంత ఉంది? గట్టిగా చదువక్కా, వెనక వాళ్ళకు వినపడాలి.